బూడిద మీద రాణి రంగు బండి

1. సోమవారం

కొత్త బండి తీసుకున్న ఇంటివాళ్ళు టెస్టు పాసయ్యేదాకా జరిగింది జరిగినట్టు రాయాలని కట్ట కమిటీ రూలు. అందుకని రాస్తున్నాను. నా పేరు ఎస్తేరు. కట్ట కింద రెండో వరుసలో కుట్టుమిషను ఉన్న ఇల్లు మాది. బండి నడపడం నాకు ఇంతవరకు తెలియదు.

పొద్దున కమిటీ ఆఫీసులో కొండల్రావు గారు పెట్టె ఇచ్చారు. అందులో బండి, రిమోటు, రెండు బ్యాటరీలు, విడిగా బండి పైన తొడిగే ఒక ప్లాస్టిక్ డొప్ప ఉన్నాయి. డొప్పకు రంగు లేదు. గాజులాగా అవతలిది కనపడుతుంది. బండి మేకపిల్లంత ఉంది, చక్రాలు వెడల్పు. ఊళ్ళో ఉన్న పాత బండ్లకు వెనక ఏరియల్ నిలువుగా పైకి లేచి ఉంటుంది. దీనికి లేదు. అడిగితే, "కొత్త మోడలమ్మా. ఏరియల్ లోపలే ఉంటుంది, ఇక విరగదు," అన్నారు.

నువ్వెందుకు బండి తీసుకున్నావని దారిలో నలుగురు అడిగారు. మా అక్క రూతమ్మ బూడిదతో పూడిపోయిన చెరువు అవతల గుట్టపల్లెలో ఉంటుంది. ఆమెకు మూర్ఛ జబ్బు. పెళ్ళికి ముందు నుంచీ రోజూ మాత్ర వేసుకోవాలి. ఇన్నాళ్ళూ మా వీధిలో లాజరు మామ తన బండి మీద పంపేవాడు. చలికాలం పోయేముందు ఆ బండి అవతలి ఒడ్డు దగ్గర మెత్తటి బూడిదలో దిగిపోయింది. మళ్ళీ తేలలేదు. మిగతావాళ్ళు గుట్టపల్లె వైపు బండి దింపేది లేదంటున్నారు. వాళ్ళను అనడానికి లేదు. కమిటీ ఇంటికి ఒక్క బండే ఇస్తుంది, అది పోతే ఆ ఇంటికి సరుకులు చేరవేసే పని పోయినట్టే.

వానలు పడితే చెరువంతా బురద. మళ్ళీ చలి మొదలై పైపొర గట్టిపడేదాకా దాని మీద ఏదీ నడవదు. వానలు మొదలయ్యేలోపు అక్కకు వానాకాలం మాత్రలన్నీ చేరాలి.

సాయంత్రం వాకిట్లోకి వచ్చి రేడియోలో అక్కను పిలిచాను. ఇళ్ళలో రేకుల కప్పు కింద రేడియో పలకదు, అందుకని మా ఊళ్ళో అందరూ వాకిట్లో నిలబడే మాట్లాడతారు. చానలు ఒకటే కాబట్టి ఎవరు మాట్లాడినా అందరికీ వినపడుతుంది.

"బండి వచ్చిందక్కా," అన్నాను.

"మిషను తొక్కే కాళ్ళకు రిమోటు ఎందుకే? నువ్వు సైకిలే నేర్చుకోలేదు."

మధ్యలో ఎవరో నవ్వారు. లాజరు మామ గొంతులాగే ఉంది.

2. మంగళవారం

బ్యాటరీ నింపి బండిని వీధిలో పెట్టాను. నాకు వీపు చూపి పోతున్నంతసేపు చెప్పినట్టు విన్నది. మలుపు దగ్గర ఇటు తిప్పాను. నాకు ఎదురుగా వస్తున్నప్పుడు కుడికి తిప్పితే ఎడమకు పోతుంది. రిమోటును తలకిందులుగా పట్టుకుని చూశాను. అప్పుడు ముందుకు నొక్కితే వెనక్కి పోయింది. పోయి పోయి లాజరు మామ నీళ్ళ డ్రమ్మును గుద్దింది.

మామ నులకమంచం మీద నుంచి లేవకుండానే అన్నాడు. "ఏం కోడలా, నా బండి మునిగింది చాలలేదా? డ్రమ్ము కూడా ముంచుతావా?"

"ఇది ఎడమ కుడి తెలియని బండి మామా."

"తెలియంది దానికి కాదు. నువ్వు బయట నిలబడి తిప్పుతున్నావు. లోపల కూర్చున్నట్టు అనుకో. నీ కుడి చెయ్యి కాదు, దాని కుడి చెయ్యి."

కొలత తీసేటప్పుడు ఎదురుగా నిలబడ్డ మనిషి కుడి భుజం నాకు ఎడమ వైపు ఉంటుంది. అది రోజూ చేసే పనే. బండి ఎదురుగా వస్తే జాకెట్టు కొలతకు వచ్చిన మనిషి అనుకోవడం మొదలుపెట్టాక కొంచెం కుదిరింది. పొద్దుగూకేలోపు వీధి చివరిదాకా పోయి, దేన్నీ గుద్దకుండా వచ్చింది.

3. గురువారం

నిన్న రాయలేదు. నిన్నంతా ఇంటి కప్పుకు సిల్వర్ రంగు వేశాను. ఎండలు ముదిరేముందే ఊళ్ళో అందరూ వేస్తారు, ఈసారి నాకే ఆలస్యమైంది. కప్పుకు, నీళ్ళ ట్యాంకుకు, మేకల కొట్టానికి. వెయ్యకపోతే మధ్యాహ్నం లోపల మనిషి ఉండలేడు.

ఇవాళ బండికి రెండు జబ్బులు బయటపడ్డాయి. ఒకటి, తిన్నగా పొమ్మంటే ఎడమకు లాగుతుంది. రిమోటు మీద చిన్న బిళ్ళ ఉంది, దాన్ని కొంచెం కొంచెంగా తిప్పుతూ నడిపితే సరిపోయింది. రెండోది, మధ్యాహ్నం మోటారు గీపెట్టింది కానీ చక్రాలు కదలలేదు. మోటారు కాలిపోయిందని భయపడ్డాను. విప్పి చూస్తే, మోటారు కాడకున్న చిన్న పళ్ళచక్రం వదులై ఊరికే తిరుగుతోంది. దాని మర బిగించాను. మిషనులో కూడా ఇంతే. శబ్దం ఎక్కువ చేసేది చెడిపోయినది కాదు, దాని పక్కది.

సాయంత్రం డొప్ప తగిలించి కట్ట మీద రోడ్డున నడిపాను. పాత తూము దాకా పోయి వచ్చింది. తూము దాకా అంటే, చెరువులో స్తంభం దాకా ఎంతో అంత. ఆ స్తంభం వెనకటి కరెంటు లైనుది. కరెంటు ప్లాంటు వాళ్ళ బూడిద కట్ట తెగినప్పుడు నడుముదాకా పూడిపోయి అక్కడే ఉంది. బండి స్తంభం దాకా పోయి తిరిగి వస్తేనే కమిటీ టెస్టు పాసయినట్టు.

కట్ట మీద ఒక పెద్ద సరుకు లారీ ఆగి ఉంది. అందులో మనిషి ఉండడు. తనంతట తాను వస్తుంది. గుట్టపల్లె వైపు ముఖం పెట్టి కాసేపు నిలబడి, దీపాలు ఆర్పి వెలిగించి, వెనక్కి తిరిగి పోయింది. దాని మ్యాపులో ఇది ఇంకా నీళ్ళ చెరువే. కొండల్రావు గారు ఎన్ని అర్జీలు పెట్టినా ఆ నీళ్ళు ఇంకలేదు.

4. శనివారం

రంగు వెయ్యని బండిని బూడిదలోకి దింపనివ్వరు. ఎండకు లోపలి వైర్లు ఉడికిపోతాయి, పైగా దూరాన ఎవరి బండో తెలియదు. ఇంటికొక రంగు. ఎరుపు, నీలం, ఆకుపచ్చ ఎప్పుడో అయిపోయాయి. పసుపు, తెలుపు ఆ బూడిద మెరుపులో కనపడవు.

అక్కనే అడిగాను. అటు ఒడ్డు నుంచి చూసేది ఆమే కదా.

"రాణి రంగు వెయ్యి," అంది. "నా పెళ్ళికి నువ్వు కుట్టిన జాకెట్టు రంగు. ఊరవతలి నుంచి కూడా కళ్ళు పొడిచేది."

"ఆ గుడ్డ నువ్వే తెచ్చావక్కా."

"తెచ్చాను, తెలివి లేక. కుట్టినదానికి ఉండద్దా?"

రేడియోలో ఎవరో ఆడమనిషి, "ఆ జాకెట్టు నాకు గుర్తుంది," అంది.

రాణి రంగు ఎవరూ తీసుకోలేదు. కమిటీ వాళ్ళ దగ్గర స్ప్రే డబ్బా ఉంది, ఇచ్చారు.

ఈ డొప్పకు రంగు పైన వెయ్యకూడదు, లోపల వెయ్యాలి. పైన వేస్తే బూడిద రాసుకుని రెండు రోజుల్లో గీరుకుపోతుంది. లోపల వేస్తే ప్లాస్టిక్కే కాపాడుతుంది. జాకెట్టును తిరగేసి కుట్టినట్టు అనుకున్నాను. చివరికి కనపడాల్సింది ముందు వెయ్యాలి. ఇంటి నంబరు కాగితం మీద రాసి డొప్ప బయట అంటించి, లోపలి నుంచి ఎదురు అక్షరాల్లో నల్లరంగుతో దిద్దాను. అది ఆరాక రాణి రంగు. మొదటిసారి ఎక్కువ కొట్టేశాను, ఒక మూల కారింది. తుడిచి, తర్వాత పలచగా, ఆరాక మళ్ళీ పలచగా వేశాను. సాయంత్రానికి నిండింది.

లోపల చూస్తే రంగు వెలుగును ఆపడం లేదు. పలచటి గుడ్డకు కింద ఇంకో గుడ్డ పడాలి. లాజరు మామను అడిగితే, "సిల్వర్ వెయ్యి. నా బండికి లోపలా బయటా అదే. ఎండకు ఏమీ కాలేదు," అన్నాడు. కప్పుకు వేసింది డబ్బా అడుగున మిగిలి ఉంది. బ్రష్షుతో మందంగా రెండు పూతలు వేశాను. ఆరాక ఏరియల్ వైరును ముందు ఉన్నట్టే, డొప్ప లోపలి వైపు టేపుతో అంటించాను. బయట కంపెనీ అంటించిన పలచటి పొర ఒలిచేస్తే డొప్ప కొత్త పట్టుగుడ్డలా మెరిసింది.

మామ కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, "గుట్టపల్లెలో కోళ్ళు గుడ్లు మానేస్తాయి," అన్నాడు.

5. సోమవారం

బండిని మొదటిసారి బూడిదలోకి దింపాను. అందరూ చూస్తున్నారు. స్తంభానికి సగం దూరం కూడా పోకముందే ఆగిపోయింది. ముందు ఎర్రదీపం కొట్టుకోవడం దుర్బిణిలో కనపడింది. అంటే రిమోటు మాట అందడం లేదు.

అక్కడ మనిషి నడవలేడు. పైన గట్టిగా కనపడుతుంది, కాలు పెడితే మోకాలు దాటి దిగుతుంది. పలకలు వేసుకుని కొంత దూరం పోవచ్చు కానీ అంత దూరం కాదు. కట్ట మీద నిచ్చెన వేసుకుని ఎక్కి, రిమోటు నెత్తి మీదికి ఎత్తి పట్టుకున్నాను. దీపం పచ్చబడింది. మెల్లగా వెనక్కి లాక్కొచ్చాను. నిచ్చెనను లాజరు మామ పట్టుకున్నాడు.

బ్యాటరీ మార్చి మళ్ళీ పంపాను. అదే చోట ఆగింది.

కొండల్రావు గారు దుర్బిణి దించి, "ఆ స్తంభమే సిగ్నల్ తినేస్తుందమ్మా, ఇనుము కదా," అన్నారు.

"మిగతా బండ్లను తినడం లేదుగా సార్."

"అవి పాతవి."

అది జవాబో కాదో నాకు తెలియలేదు.

6. బుధవారం

రెండు రోజులుగా ఇదే పని. రిమోటు విప్పి బూడిద ఊదాను. బ్యాటరీ మొనలు ఉప్పుకాగితంతో రుద్దాను. బండిలో రిమోటు మాట అందుకునే రిసీవరును తడి తగలకుండా బెలూను రబ్బరులో చుట్టాను. స్తంభానికి దూరంగా, వేరే వైపు నుంచి దింపి చూశాను. అన్నిసార్లూ అంతే దూరం. జాకెట్లు ఇవ్వాల్సినవి ఇంట్లో పేరుకున్నాయి. ఇద్దరు వచ్చి తిట్టి పోయారు.

సాయంత్రం రేడియోలో అక్కను పిలిస్తే పుల్లయ్య తాత పలికాడు. గుట్టపల్లెలో ఆమె పక్కింటి ముసలాయన.

"మీ అక్క పడుకుందమ్మాయ్. పొద్దున పొయ్యి దగ్గర పడింది. చెయ్యి కాలింది. పెద్దది కాదులే, ఆకు పసరు వేశాం."

"మాత్రలు ఉన్నాయి కదా తాతా? నెలాఖరు దాకా వస్తాయంది."

"సగం బిళ్ళ వేసుకుంటే ఎందుకు రావు?" అన్నాడు.

వెనక నుంచి అక్క గొంతు వినపడింది. "ఆ రేడియో ఇటియ్యి ముసలోడా. నీకెవరు చెప్పమన్నారు?"

తర్వాత ఆమె మాట్లాడింది. మామూలుగానే. బండి ఏమయిందని అడిగింది. సగం బిళ్ళ సంగతి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. చివర్లో, "నువ్వు ఊరికే పరిగెత్తకు. నేనెక్కడికీ పోను," అంది.

రూతమ్మను ఇటు తెచ్చుకోమని లోగడ, అటు దారి పూర్తిగా పూడిపోకముందు, కమిటీ చాలాసార్లు చెప్పింది. కాగితాల్లో గుట్టపల్లె ఖాళీ అయిన ఊరు. ఆకాశం కంపెనీలకు కౌలుకిచ్చారు, మేం ఏదీ ఎగరెయ్యకూడదు. పైన రోజూ సరుకుల విమానాలు పోతుంటాయి, ఖాళీ ఊళ్ళో ఒక్కటీ దిగదు. అక్క రాదు. ఆమె నాటిన కంది అక్కడ ఉంది, మొగుడి సమాధి అక్కడ ఉంది. ఏది ఎక్కువ అని నేనెప్పుడూ అడగలేదు.

పడమట మబ్బు పట్టింది. కురవలేదు.

7. గురువారం

పొద్దున బండిని కడగడానికి ఏరియల్ వైరు టేపు ఊడదీసి, డొప్ప తీసి అరుగు మీద పెట్టాను. కడిగాక ఆరాలని, డొప్ప లేకుండానే కట్ట మీద రోడ్డున వదిలాను. తూము దాకా పోయింది. ఆగలేదు. తూము దాటి ఇంకా పోతుంటే నేనే భయపడి వెనక్కి తెచ్చాను.

డొప్ప తగిలించి మళ్ళీ పంపాను. సగం దూరంలో ఎర్రదీపం.

"డొప్ప బరువేమో," అన్నాడు లాజరు మామ.

డొప్ప తీసి, అంత బరువున్న రాయి కట్టాను. తూము దాకా పోయి వచ్చింది. బరువు కాదు. రంగు వెయ్యకముందు ఇదే డొప్పతో తూము దాకా పోయింది. అప్పటికీ ఇప్పటికీ డొప్ప మీద తేడా రంగొక్కటే. కానీ రంగు రిమోటు మాటను ఎలా ఆపుతుంది? ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం.

సన్నగా తుంపర మొదలైంది. మామకు ఆ పొద్దు కూతురితో మాట్లాడాల్సిన పని ఉంది. రేడియో తీసుకుని గుమ్మంలోకి జరిగాడు. గరగర తప్ప ఏమీ రాలేదు. విసుక్కుంటూ తుంపర్లోనే వాకిట్లోకి పోయాడు. అక్కడ పలికింది.

"వెనకటికి ఇంట్లో మంచం మీద పడుకునే మాట్లాడేవాణ్ణి," అన్నాడు తిరిగొచ్చాక, తల తుడుచుకుంటూ. "ముసలితనానికి వాకిట్లో తడవాల్సి వస్తోంది."

"రేకుల కింద పలకదు కదా మామా."

"నావి ఇనుప రేకులు కాదే, సిమెంటువి. అప్పుడూ అవే, ఇప్పుడూ అవే."

"మరి ఎప్పటి నుంచి పలకడం లేదు?"

మామ పైకి చూశాడు. నేనూ చూశాను. చూరు అంచున సిల్వర్ మెరుస్తోంది.

"కప్పుకు మొదటిసారి సిల్వర్ పూసిన ఏటి నుంచి," అన్నాడు.

డొప్పను తిరగేసి ఒళ్ళో పెట్టుకున్నాను. లోపల రెండు పూతలు, మందంగా, ఒక్క సందు లేకుండా అల్యూమినియం పొడి. దానికి ఆనించే నేను ఏరియల్ వైరు అంటించింది. పాత బండ్లకు ఏరియల్ పైన ఉంటుంది కాబట్టి డొప్పకు ఎంత సిల్వర్ పూసినా ఏమీ కాలేదు. ఈ బండిని నేను ఇంట్లో పెట్టి కప్పు వేశాను.

"నేనే కదమ్మా చెప్పింది," అన్నాడు మామ.

"నేను అడిగాను కాబట్టి చెప్పావు."

8. శుక్రవారం

సిల్వర్ తీసేయాలని ఒక మూల థిన్నర్ పెట్టి రుద్దాను. సిల్వర్ పోయింది, రాణి రంగు పోయింది, ప్లాస్టిక్ కూడా పాలు పోసినట్టు తెల్లబడి పెళుసయింది. వేలితో నొక్కితే పగిలింది. అక్కడితో ఆపేశాను. ఇంకో డొప్ప కావాలంటే వానలు పోయాకే వస్తుంది.

తియ్యలేకపోతే వైరునే బయటికి తేవాలి. పెద్ద సూది కాల్చి డొప్ప పైన చిన్న బెజ్జం పెట్టాను. వైరును అందులోంచి పైకి లాగాను. అది జుట్టులా వాలిపోతుంది. ఇనుప కమ్మీ కట్టడానికి భయమేసింది, మళ్ళీ ఏం అడ్డుపడుతుందో. చీపురులోంచి కొబ్బరి ఈనె ఒకటి లాగి, వైరును దానికి ఆనించి, మిషను దారంతో కింద నుంచి పైదాకా దగ్గర దగ్గరగా చుట్టాను. బెజ్జం దగ్గర బొత్తానికి వేసినట్టు ముడి వేశాను. పగిలిన మూల లోపల గుడ్డ అతికించాను.

కట్ట మీద తూము దాటి పోయి వచ్చింది. మూడుసార్లు పంపినా ఆగలేదు.

కొండల్రావు గారు బండి చుట్టూ తిరిగి చూశారు. "ఈ చీపురు పుల్ల కంపెనీ పెట్టింది కాదు కదా."

"కాదు సార్. నేను పెట్టాను."

"రేపు స్తంభం దాకా పోయి వస్తే పాస్ రాస్తాను. అది టెస్టు. గుట్టపల్లె టెస్టులో లేదు. సగం బ్యాటరీకి వెనక్కి తిప్పాలి, అది రూలు. టెస్టు కాకుండా బండి పోగొడితే మళ్ళీ బండి ఉండదు. మీ ఇంటి పేరు జాబితా చివరికి పోతుంది. ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను."

"రేపు టెస్టు అయ్యాక బ్యాటరీ నింపి, ఎల్లుండి గుట్టపల్లె పంపుతా సార్."

ఆయన పడమటికి చూశారు. "ఎల్లుండి ఉంటే పంపమ్మా," అన్నారు. వెటకారంగా అనలేదు.

9. శనివారం

మాత్రల డబ్బాను పాలిథిన్ కవరులో కుట్టి, బండి మధ్యలో కట్టాను. టెస్టుకు బరువు అక్కర్లేదు. అయినా కట్టాను. ఎందుకు కట్టావని ఎవరూ అడగలేదు.

పొద్దు ఎక్కకముందే దింపాను. ఎదురుగాలి. బూడిద లేచి బండి మీద పడుతోంది, అయినా రాణి రంగు కనపడుతూనే ఉంది. లాజరు మామ దుర్బిణితో పక్కన నిలబడ్డాడు. మొన్న ఆగిన చోటు దాటింది. దీపం పచ్చగానే ఉంది.

గాలికి మోటారు బ్యాటరీ ఎక్కువ తాగింది. స్తంభం దగ్గరికి చేరేసరికి రిమోటు కూత పెట్టింది. సగం అయిపోయింది.

"తిప్పెయ్యమ్మా," అన్నారు కొండల్రావు గారు. "ఇప్పుడు తిప్పితే వస్తుంది. పాస్ రాసేస్తాను."

పడమట ఉరిమింది. గాలి చల్లబడింది. వాన వాసన అందరికీ తెలిసింది. అది రేపటి వాన కాదు.

నేను తిప్పలేదు. స్తంభం పక్క నుంచి ముందుకే పోనిచ్చాను.

కొండల్రావు గారు దుర్బిణి తీసి చూడటం మొదలుపెట్టారు.

స్తంభం దాటాక నాకు గులాబీ చుక్క తప్ప ఏమీ తెలియడం లేదు. మామ రేడియో నా చెవి దగ్గర పెట్టాడు.

"అక్కా, కనపడుతోందా?"

"కనపడకేం. గుడ్డివాళ్ళకు కూడా కనపడుతుంది. నా ఎడమకు పోతుంది, కుడికి తీసుకో. దాని కుడికి కాదే, నా కుడికి."

"నీ కుడి నాకు ఎడమక్కా."

"అయితే ఎడమకే పో. ఇందాక అదే చెప్పాను."

రేడియోలో నాలుగు గొంతులు ఒకేసారి తలా ఒక దిక్కు చెప్పాయి. లాజరు మామ గట్టిగా అరిచాడు. "అందరూ నోళ్ళు మూయండి. రూతమ్మ ఒక్కతే చెప్పాలి."

అందరూ మూశారు.

"కొంచెం ఎడమ. చాలు. తిన్నగా. తిన్నగా రా."

మామ నా భుజం పట్టుకున్నాడు. "ముందు నల్లగా ఉన్న చోట నా బండి ఉంది. అక్కడ ఆగకు కోడలా. మెల్లగా కూడా పోకు. ఆగితే దిగుతుంది."

బొటనవేలు చివరిదాకా నొక్కి పెట్టాను. చుక్క వణుకుతూ పోయింది. తర్వాత నెమ్మదించింది. బ్యాటరీ అయిపోతోంది. రిమోటు ఆగకుండా కూస్తోంది. చుక్క నిలబడిపోయింది.

"అక్కా?"

గాలి శబ్దం ఒక్కటే వస్తోంది. తర్వాత పుల్లయ్య తాత గొంతు. "ఒడ్డు దగ్గరే ఆగిందమ్మాయ్. ముందు చక్రాలు దిగుతున్నాయి. మీ అక్క మామిడికాయల దోటి తెచ్చింది."

"ఆమెను వంగనివ్వద్దు తాతా. అక్కడ పడిందంటే..."

"నడుముకు తాడు కట్టి పట్టుకున్నా. నేను చెబితే వింటదా?"

నేను రిమోటు వదల్లేదు, అది చేసేదేమీ లేకపోయినా.

చాలాసేపటికి అక్క పలికింది, ఆయాసపడుతూ. "చక్రానికి కొక్కెం పడింది. వస్తోంది. ఈ ముసలోడు నన్ను గేదెను పట్టినట్టు పట్టాడే." ఆగి, మళ్ళీ, "వచ్చింది. ఒడ్డు మీద ఉంది. ఏందే ఈ కుట్టు, డబ్బాకు కూడా ఓవర్‌లాకు కొట్టావా? కత్తెర తెండి ఎవరన్నా."

కాసేపు ఏవో చప్పుళ్ళు.

"వేసుకున్నావా?" అన్నాను.

"నీళ్ళు తాగనివ్వు."

"పూర్తి బిళ్ళేనా?"

"పూర్తిదే."

మామ చెయ్యి తీసేశాడు. అప్పుడు తెలిసింది, భుజం ఎంత గట్టిగా పట్టుకున్నాడో. చినుకులు బూడిద మీద పడి చిన్న చిన్న గుంటలు చేస్తున్నాయి. స్తంభం అవతల ఏమీ కనపడకుండా పోయింది.

10. మంగళవారం

మూడు రోజులుగా వదలకుండా వాన. చెరువు నల్లబడింది. బండ్లన్నీ ఇళ్ళలోకి చేరాయి.

కొండల్రావు గారు గొడుగేసుకుని వచ్చారు. పీట వేస్తే కూర్చున్నారు. ఫలితం రాయాలి.

"పోయి రావడం టెస్టమ్మా. పోవడం ఒక్కటే కాదు," అన్నారు.

"తెలుసు సార్."

"ఫెయిల్ అని రాయాలి."

"రాయండి."

రాశారు. రాశాక వెంటనే లేవలేదు. చలికాలంలో వచ్చే బండ్లన్నీ ఈ కొత్త మోడలేనట. వాటికి లోపల సిల్వర్ బదులు ఏ రంగు వేయించాలని అడిగారు. తెల్లరంగు వేయించమన్నాను. ఎండకు అది చాలదేమోనని ఆయన అంటే, పైన మందపాటి గుడ్డ తొడుగు కుట్టి ఇస్తానన్నాను. తొడుగు కొలతలు చెప్పాను. అవి కూడా రాసుకున్నారు.

బండి లేని ఇంటివాళ్ళు రాయనక్కర్లేదట. అందుకని ఇది ఆఖరు.

సాయంత్రం వాన కొంచెం తగ్గితే, నెత్తిన గోనెసంచి వేసుకుని వాకిట్లోకి వెళ్ళి అక్కను పిలిచాను. చెయ్యి మానుతోందంది. మళ్ళీ పడలేదంది. బండిని కడిగి వసారాలో పెట్టిందట. ఊళ్ళో మిగిలినవాళ్ళందరూ వచ్చి చూసి, చీపురు పుల్ల ఎందుకని అడిగి పోతున్నారట.

"ఏమని చెప్పావు?"

"మా చెల్లెలు ఊడ్చుకుంటూ వచ్చిందని చెప్పాను." నవ్వింది. తర్వాత, "ఎస్తేరూ, ఇక్కడ చింతపండు నిండుకుంది. ఈసారి పంపేటప్పుడు మాత్రలతో పాటు కొంచెం పెట్టు," అంది.

"బండి నీ దగ్గరే ఉందక్కా."

అటువైపు కూడా వాన పడుతోంది, ఆ చప్పుడు వినపడుతోంది.

"అవును కదా," అంది.